పన్ను స్క్రూ గరుకు గురించి ఎవరూ చెప్పరేం?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ సిటీ పేజీల్లో పళ్ల ఇంప్లాంట్ల (పోయిన పన్ను చోట దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూల) ప్రకటన లేని వారం ఉండటం లేదు. ‘మూడు రోజుల్లో కొత్త పళ్లు’, ‘విదేశీ టెక్నాలజీ’, ‘జీవితకాలం వారంటీ’, పక్కన చెరుకు ముక్క కొరుకుతున్న పెద్దాయన బొమ్మ, కింద ధర. ఆ ధర ఏ వస్తువుకో మాత్రం ఎక్కడా ఉండదు. నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ని. మాకు ఏ డ్రాయింగ్ వచ్చినా కొలతలతోపాటు మెటీరియల్ గ్రేడు, సర్ఫేస్ ఫినిష్ (పైభాగం ఎంత నునుపు, ఎంత గరుకు అన్నది) రాసి ఉండాలి. ఫినిష్ గుర్తు లేకపోతే ఆ డ్రాయింగ్‌ని డిజైన్ వాళ్లకే తిప్పి పంపేవాళ్లం. గేర్‌బాక్సు బోల్టుకే అంత పట్టింపు ఉంటే, దవడ ఎముకలో బతికినన్నాళ్లూ ఉండాల్సిన స్క్రూకి ఆ మాత్రం వివరం ఎందుకు చెప్పరు? ఈ ఉత్తరం దాని గురించే.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నాకు కింద కుడివైపు దవడ పన్ను పోయింది. ఎప్పుడో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసిన పన్నే, లోపల నిలువునా చీలింది. ఇంచుమించు అదే సమయంలో మా ఆవిడకి పైన ఎడమవైపు దవడ పన్ను తీసేయాల్సి వచ్చింది. ఆవిడకి షుగర్ కూడా ఉంది. ముందు వెళ్లిన పెద్ద క్లినిక్కులో డాక్టరు కనిపించకముందే కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు ప్యాకేజీల కాగితం చేతిలో పెట్టింది. వస్తువులో తేడా ఏమిటమ్మా అంటే ‘ప్లాటినం ఇంపోర్టెడ్ సార్’ అంది. ఏ గ్రేడు టైటానియం, పైన ఏ ట్రీట్‌మెంట్ ఇచ్చారు అని అడిగితే లోపలికి వెళ్లొచ్చి ‘అన్నీ బెస్ట్ క్వాలిటీయే సార్’ అంది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది, వచ్చేశాం.

తర్వాత మా కాలనీ దగ్గర్లోనే సొంతంగా క్లినిక్ పెట్టుకున్న ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. అదే ప్రశ్న అడిగితే ఆవిడ నవ్వి, ‘ఎండీఎస్, అదే మా డెంటల్ పీజీ, వైవాలో అడిగారండీ ఈ ప్రశ్న. ఆ తర్వాత మీరే అడగడం’ అంది. సొరుగులోంచి శాంపిల్ ముక్క ఒకటి తీసి, లెన్సుతో సహా నా చేతిలో పెట్టింది. నాలుగు మిల్లీమీటర్ల లావు, పది మిల్లీమీటర్ల పొడవు, చక్కగా తీసిన మర చుట్లు. ఒళ్లంతా మాత్రం మెరుపు లేకుండా బూడిద రంగులో మట్టిలా ఉంది. శాండ్ బ్లాస్టింగ్ చేసి (గట్టి గింజల్ని వేగంగా చిమ్మి గరుకు చేసి) యాసిడ్‌లో ముంచారని చూడగానే తెలిసింది. సర్వీసంతా రఫ్‌నెస్ 0.8, 0.4 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దించమని కుర్రాళ్ల వెంటపడ్డవాణ్ని. ఇంత శ్రద్ధగా మర తీసి మళ్లీ దాన్ని కావాలని గరుకు చేయడం చూసి నాకు నవ్వొచ్చింది. ఆవిడ చెప్పింది విన్నాక, ఇంటికొచ్చి చదువుకున్నాక ఆ గరుకు వెనక ఎంత కథ ఉందో తెలిసింది.

1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే వైద్య పరిశోధకుడు, ఎముక లోపల రక్తం ఎలా పారుతుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న గొట్టం లాంటి పరికరాన్ని అమర్చాడు. పని అయ్యాక తీద్దామంటే అది ఊడి రాలేదు. ఎముక దాన్ని పట్టేసింది. వేరేవాళ్లయితే ఖరీదైన పరికరం పాడైందని తిట్టుకుని వదిలేసేవారేమో. ఆయన దాని వెంటే పడ్డాడు. 1965లో గోటెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే మనిషికి కింది దవడలో టైటానియం స్క్రూలు పెట్టాడు. 2006లో లార్సన్ చనిపోయేదాకా అవి పనిచేస్తూనే ఉన్నాయి. నలభై ఏళ్ల పైమాట. అవి లేత్ మీద తీసిన మామూలు స్క్రూలు. పైన బ్లాస్టింగ్ లేదు, యాసిడ్ లేదు, పూత లేదు. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరం పడుతుంది, గుర్తుంచుకోండి.

మరి నునుపు స్క్రూ అంత బాగా పనిచేస్తే గరుకు ఎందుకొచ్చింది? ఆ కాలంలో స్క్రూ పెట్టాక చిగురు మూసేసి కింది దవడకి మూడు నెలలు, పై దవడకి ఆరు నెలలు ఆగేవారు. మెత్తటి ఎముకలో, ముఖ్యంగా పై దవడ వెనక భాగంలో, అయినా కొన్ని ఊడిపోయేవి. ఆగే కాలం తగ్గించాలి, మెత్తటి ఎముకలోనూ నిలబెట్టాలి. ఇంజినీర్లూ డాక్టర్లూ కలిసి సర్ఫేస్ మీద పడింది అందుకే.

డాక్టరమ్మ చెప్పిన తీరు నాకు బాగా ఎక్కింది. డ్రిల్ చేసిన రంధ్రంలో స్క్రూ దిగగానే దాన్ని ముందు తాకేది ఎముక కాదు, రక్తం. నిమిషాల్లో రక్తంలోని ప్రొటీన్లు లోహానికి అంటుకుంటాయి, తర్వాత రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డలో ఫైబ్రిన్ అనే సన్నటి దారాల వల ఉంటుంది. ఎముకని తయారుచేసే కణాలు ఆ దారాలు పట్టుకుని పాకుతూ స్క్రూ దాకా రావాలి. గడ్డ సహజంగా ముడుచుకుంటుంది కదా, స్క్రూ నునుపుగా ఉంటే ఆ ముడుచుకోవడంలో దారాలు లోహం నుంచి ఊడిపోతాయి. అప్పుడు కణాలు స్క్రూని చేరలేవు. కొత్త ఎముక రంధ్రం గోడ దగ్గర మొదలై మెల్లగా స్క్రూ వైపు పెరుగుతూ రావాలి. గరుకు మీద దారాలు పట్టు వదలవు. కణాలు నేరుగా స్క్రూ మీదికే చేరి అక్కడే ఎముక వేయడం మొదలుపెడతాయి. అంటే పని గోడ వైపు నుంచీ స్క్రూ వైపు నుంచీ ఒకేసారి సాగుతుంది. ప్లాస్టరింగ్‌కి ముందు మేస్త్రీ కాంక్రీటు పిల్లర్ మీద గాట్లు కొట్టడం లాంటిదే అనుకున్నాను మొదట. అది సగమే నిజం. సిమెంటు గాట్లలో ఇరుక్కుని గట్టిపడుతుంది, అంతే. ఇక్కడ బతికున్న కణం ఆ గుంటల్ని తడుముకుని, తాను ఎముక కణంగా మారాలా వద్దా అన్నది కూడా కొంత వాటిని బట్టే తేల్చుకుంటుందట.

ఎంత గరుకు? నాలాంటివాడికి నోరూరే ప్రశ్న ఇదే. ఈ విషయంలో పేరున్న స్వీడన్ పరిశోధకులు ఆల్‌బ్రెక్ట్‌సన్, వెనర్‌బర్గ్ దీన్ని నాలుగు తరగతులు చేశారు. సగటు ఎత్తుపల్లాలు అర మైక్రాన్ లోపు ఉంటే నునుపు, అర నుంచి ఒకటి దాకా కొద్దిపాటి గరుకు, ఒకటి నుంచి రెండు దాకా మధ్యస్థం, రెండు దాటితే బాగా గరుకు. ఎముక ఎక్కువగా ఇష్టపడేది ఆ మధ్యస్థాన్నే. ఇప్పుడు బజారులో ఉన్న పేరున్న ఇంప్లాంట్లలో ఎక్కువ భాగం దాని చుట్టుపక్కలే ఉంటాయి. అది చదవగానే నాకో అనుమానం వచ్చింది. 1.6 అంటే మేం లేత్ మీద రోజూ తీసే మామూలు ఫినిషే. మరి ఈ బ్లాస్టింగ్ హడావుడి దేనికి? తేడా అంకెలో లేదట. లేత్ గీతలు ఒకే దిశలో, ఒకే తీరుగా తిరుగుతాయి. బ్లాస్టింగ్‌కి దిశ లేదు. దాని మీద యాసిడ్ పడితే పెద్ద గుంటలో చిన్న గుంటలు, వాటి లోపల ఇంకా చిన్నవి పడతాయి. పెద్దవి ఎముకకి పట్టునిస్తే, చిన్నవి కణానికీ ఫైబ్రిన్ దారానికీ పట్టునిస్తాయి. మా ఇన్‌స్పెక్షన్ రూమ్‌లో సూది గీసి చెప్పే అంకె ఒక్కటే చూస్తే ఈ రెండిటికీ తేడా దొరకదు.

గరుకు చేసే పద్ధతులూ ఒక్కటి కాదు, ఒక్కోదానికి ఒక్కో తంటా ఉంది. మొదట్లో టైటానియం పొడిని ప్లాస్మా అనే అతి వేడి మంటలో కరిగించి స్క్రూ మీద చల్లేవారు. గరుకు మరీ ఎక్కువై, పొడి రేణువులు ఊడి చుట్టూ ఉన్న కణజాలంలో కనిపించేవి. తర్వాత హైడ్రాక్సీ అపటైట్ పూత వచ్చింది. మన ఎముకలో ఉండే ఖనిజం లాంటిదే అది. జంతువుల మీద పరీక్షల్లో దానికి ఎముక బ్రహ్మాండంగా అంటుకుంది. ఎముక పూతని పట్టుకుంది సరే, కొన్నిచోట్ల పూతే లోహాన్ని వదిలేసింది. ప్లేటింగ్ షాపు చూసినవాడికి ఇదేం ఆశ్చర్యం కాదు. ఏ పూతకైనా ఎప్పుడూ ఉండే గండం కింది లోహంతో అతుకే. అందుకే పైన ఏదో పూయడం మాని, ఉన్న టైటానియాన్నే చెక్కే పద్ధతులు నిలబడ్డాయి. పావు నుంచి అర మిల్లీమీటరు సైజు అల్యూమినా గింజలతో బ్లాస్ట్ చేసి, వేడి హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్లలో ముంచే పద్ధతి 1990ల్లో స్విట్జర్లాండ్ కంపెనీ స్ట్రామన్ తెచ్చింది. దాన్ని ఎస్‌ఎల్‌ఏ అంటారు. ఇప్పుడు చాలా కంపెనీలు చేసేది దానికి అన్నదమ్ములే. 2000లో నోబెల్ బయోకేర్ వాళ్లు స్క్రూని అనోడైజ్ చేసి, అంటే ద్రావణంలో ముంచి కరెంటు పంపి, పైన ఆక్సైడ్ పొరని మందం చేసే పద్ధతి తెచ్చారు. అందులో అగ్నిపర్వతం నోళ్లలా సూక్ష్మ రంధ్రాలు పడతాయి. అల్యూమినియం అనోడైజింగ్ మాకు రోజువారీ పని. టైటానియాన్ని ఎముక కోసం అలా చేస్తారని అప్పట్లో ఎవరైనా చెబితే నమ్మేవాళ్లం కాదు.

బ్లాస్టింగ్‌లో ఇంకో చిక్కుంది, మా షాపులోనూ ఉండేది. కొన్ని గింజలు లోహంలోనే దిగబడి మిగిలిపోతాయి. యాసిడ్‌తో సరిగ్గా కడగకపోతే అల్యూమినా ముక్కలతో సహా స్క్రూ దవడలోకి పోతుంది. అందుకని కొందరు టైటానియం ఆక్సైడ్ గింజలే వాడతారు. ఇంకొందరు కాల్షియం ఫాస్ఫేట్ గింజలు వాడి, మిగిలినవి యాసిడ్‌లో కరిగిపోయేలా చూస్తారు. మంచి కంపెనీకీ నాసిరకం కంపెనీకీ తేడా బయటికి కనిపించని ఈ కడుగుడులోనే ఉంటుంది. చేతిలో పట్టుకుని చూస్తే రెండూ ఒకేలా బూడిద రంగులో ఉంటాయి.

ఫ్లోరైడ్ అనే మాట కూడా ఈ చదువులో ఎదురైంది. 2004లో ఆస్ట్రా టెక్ అనే కంపెనీ బ్లాస్ట్ చేసిన స్క్రూని పలచటి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో శుద్ధి చేసి తెచ్చింది. సర్ఫేస్ మీద మిగిలే ఆ పిసరంత ఫ్లోరైడ్ ఎముక కణాల్ని తొందరపెడుతుందట. నా పక్క మెషీన్ మీద చాలాకాలం పనిచేసిన మిత్రుడిది మర్రిగూడ. అతని అన్న నడుం వంగి నడిచేవాడు. నల్లగొండ నీళ్లు తాగినవాళ్లకి ఫ్లోరైడ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అక్కడ ఏళ్ల తరబడి ఒళ్లంతా ఎక్కి, ఎముకని లావు చేసి పెళుసు చేసి, కీళ్లని బిగించేసిన పదార్థం ఇక్కడ స్క్రూ ఒంటి మీద లెక్కలోకి రానంత మోతాదులో వైద్యానికి పనికొస్తోంది. అతనికి ఫోన్ చేసి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఆ కంపెనోళ్లని మా ఊరికి రమ్మను, ఫ్లోరైడ్ ఫ్రీగా ఇస్తం’ అన్నాడు.

ఇక తడి సంగతి. ప్లేటింగ్‌కి ముందు మేం పార్ట్‌ని నీళ్లలో ముంచి పైకి తీసి చూసేవాళ్లం. నీరు ఒకే పొరలా నిలిస్తే శుభ్రంగా ఉన్నట్టు. చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా నూనె జిడ్డు ఉన్నట్టు, మళ్లీ కడగాలి. టైటానియం కూడా అంతే. ఫ్యాక్టరీలో యాసిడ్‌లోంచి తీసిన క్షణంలో అది నీటిని లాక్కుంటుంది. గాలిలో ఉండేకొద్దీ గాలిలోని కార్బన్ పదార్థాలు దాని మీద కంటికి కనపడని పొరలా చేరి, నీటిని నెట్టేసే గుణం వస్తుంది. రక్తం కూడా ఎక్కువ భాగం నీరే కదా, గుంటల్లోకి సరిగా దిగదు. అందుకే స్ట్రామన్ వాళ్లు 2005లో స్క్రూని గాలి తగలకుండా నైట్రోజన్ వాయువు మధ్య కడిగి, ఉప్పునీటి ద్రావణంలోనే సీల్ చేసి అమ్మడం మొదలుపెట్టారు. కొందరు పెట్టే ముందు అల్ట్రావయొలెట్ కాంతి చూపించి ఆ పొరని పోగొడతారు. ఈ తడి రకంతో మొదటి నెలలో ఎముక పట్టు తొందరగా వస్తుందని పరిశోధనలు ఉన్నాయి. నెలలు గడిచాక మాత్రం పొడిదానికీ తడిదానికీ తేడా దాదాపు మాసిపోతుంది. డాక్టరమ్మ ఈ రెండోమాట కూడా చెప్పింది కాబట్టే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది. ప్లాటినం ప్యాకేజీ కాగితం మీద మొదటిమాట ఒక్కటే ఉంటుంది.

ప్రకటనలకి నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. స్క్రూ పెట్టిన రోజు అది బిగువుగా ఉంటుంది. అది మర పాత ఎముకని ఒరుసుకోవడం వల్ల వచ్చే బిగువు మాత్రమే. తర్వాత వారాల్లో డ్రిల్ దెబ్బ తిన్న పాత ఎముకని శరీరమే తినేస్తుంది. కొత్త ఎముక ఇంకా పూర్తిగా వచ్చి ఉండదు. పాత పట్టు తగ్గుతూ, కొత్త పట్టు పెరుగుతూ ఉండే ఈ మధ్యకాలంలో, సుమారు మూడు నాలుగు వారాల దగ్గర, స్క్రూ అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. దీన్ని కొలిచే పరికరం కూడా ఉంది. స్క్రూలో చిన్న పెగ్ బిగించి అయస్కాంతంతో తట్టి, అది ఎంత వేగంతో కంపిస్తుందో చూసి ఒకటి నుంచి వంద లోపు అంకె చెబుతుంది. అంకె ఎంత పెద్దదైతే అంత బిగువు. నాది పెట్టిన రోజు 72, నెలకి 65, క్యాప్ వేసే ముందు 76. నొప్పి లేదు, వాపు లేదు, నాకు ఏమీ తెలియలేదు. ఆ 65 దగ్గర ఉన్నప్పుడు నేను దాని మీద పల్లీలు నమిలి ఉంటే? స్క్రూ వంద, నూటయాభై మైక్రాన్లు దాటి కదిలితే చుట్టూ ఎముక బదులు నారలాంటి కణజాలం వస్తుంది. అది ఎప్పటికీ ఎముకగా మారదు. నూటయాభై మైక్రాన్లంటే రెండు వెంట్రుకల మందం.

గరుకు సర్ఫేస్ చేసే మేలు ఈ బలహీనమైన వారాల లోయని కొంత పూడ్చడం, తొందరగా దాటించడం. లోయే లేకుండా చేయడం దాని వల్ల కాదు. మా ఆవిడ విషయంలో అదే చూశాం. పై దవడ వెనక ఎముక కింది దవడంత గట్టిది కాదు, పైన సైనస్ అనే గాలి గది, ఆపైన షుగర్. ఇద్దరికీ ఒకే కంపెనీ స్క్రూ, ఒకే సర్ఫేస్. నాకు క్యాప్ వేశాక కూడా ఆవిడకి నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. పెట్టే ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) ఏడు దరిదాపుల్లోకి వచ్చేదాకా డాక్టరమ్మ డ్రిల్లే ముట్టుకోలేదు. ‘మీకు తొందరగా అయిపోయింది, నాకేమో ఈ ఓపిక పరీక్ష’ అని మా ఆవిడ రోజూ దెప్పేది. మంచి సర్ఫేస్ కొనుక్కోవచ్చు. ఎముకనీ షుగర్‌నీ ప్యాకేజీలో కొనలేం.

మూడు రోజుల పళ్లన్నీ మోసమని నేను అనడం లేదు. అన్ని పళ్లూ పోయినవాళ్లకి నాలుగో ఆరో స్క్రూలు పెట్టి, వాటిని ఒకదానితో ఒకటి బిగించి, బిగించేటప్పుడు తగినంత టార్క్ (తిప్పుడు బిగువు) వస్తే వెంటనే పళ్ల సెట్టు అమర్చే పద్ధతి ఉంది, బాగా చేసేవాళ్లూ ఉన్నారు. వెలుపలి గట్టి ఎముకలోకి పొడవాటి నునుపు స్క్రూలు దించే వేరే పద్ధతీ ఉంది. అవి ఎవరికి పనికొస్తాయి, ఒంటరి పన్నుకి అదే లెక్క వర్తిస్తుందా అన్నది ఆ మనిషి ఎముక చూసి చెప్పాల్సిన మాట. పేపరు ప్రకటన ఊళ్లో అందరికీ కలిపి చెప్పేస్తోంది.

గరుకుకి ఇంకో ముఖం కూడా ఉంది. ఎముక లోపల ఉన్నంతసేపూ గరుకు మేలే. ఏ కారణం వల్లనైనా స్క్రూ మెడ (చిగురు వైపు ఉండే భాగం) దగ్గర ఎముక తగ్గి ఆ గరుకు భాగం బయటపడితే, పాచికి అంతకంటే మంచి చోటు దొరకదు. బ్యాక్టీరియా ఆ గుంటల్లో చేరితే బ్రష్‌తో కాదు, డాక్టరు పరికరాలతో కూడా తీయడం కష్టం. ఎముక ఇంకా తగ్గుతుంది. అందుకే కొన్ని కంపెనీలు మెడ భాగాన్ని నునుపుగా, కింది భాగాన్ని గరుకుగా చేస్తాయి. ఇంప్లాంట్ రకాల మీద ప్రపంచంలో జరిగిన ప్రయోగాల్ని జల్లెడ పట్టిన కోక్రేన్ సమీక్ష 2014లో తేల్చింది కూడా ఇలాంటిదే. ఫలానా రకం ఇంప్లాంటు దీర్ఘకాలంలో మిగతావాటికంటే మెరుగని చెప్పడానికి ఆధారం లేదు. నునుపు రకాల చుట్టూ ఇన్ఫెక్షన్ వల్ల ఎముక పోవడం కొంత తక్కువగా ఉన్న జాడలూ కనిపించాయి. లార్సన్ నోట్లో ఉన్నవి నునుపు స్క్రూలేనని ఇందాక చెప్పింది ఇందుకే. సర్ఫేస్ మొదటి నెలల్ని మారుస్తుంది. ముప్ఫయ్యో ఏట ఆ పన్ను ఉంటుందా లేదా అన్నది శుభ్రం, సిగరెట్, షుగర్, ఏడాదికోసారి చూపించుకోవడం తేలుస్తాయి. ‘జీవితకాలం వారంటీ’ అన్న మాటలో వీటికి చోటెక్కడిది?

నేను కోరేది ధర తగ్గించమని కాదు. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్ల ధరకి కేంద్రం పరిమితి పెట్టినప్పుడు దాంతోపాటు ఇంకో మంచి పని చేసింది. ఆసుపత్రి బిల్లులో స్టెంట్ ఖరీదుని విడిగా చూపాలి, బ్రాండు, తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు రాయాలి అంది. పన్నుకీ అదే చేస్తే ఎవరికి నష్టం? డబ్బా మీద ఆ వివరాలు ఎలాగూ ఉంటాయి. చాలా కంపెనీల ప్యాకెట్లో అంటించుకోవడానికి స్టిక్కరు కూడా వస్తుంది. డాక్టరమ్మ దాన్ని నా ఫైల్లో ఒకటి, నాకిచ్చిన కార్డు మీద ఒకటి అంటించింది. కంపెనీ పేరు, సైజు, సర్ఫేస్ రకం, లాట్ నంబరు అన్నీ అందులో ఉన్నాయి. ఆవిడకి పట్టింది అర నిమిషం.

ఆ స్టిక్కరు విలువ మా మేనల్లుడికి తెలుసు. డల్లాస్ నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చి, అక్కడి ఖర్చులో కొంతకే అవుతుందని ఇక్కడ ఒకచోట ఇంప్లాంట్ పెట్టించుకుని, తాత్కాలిక పన్నుతో విమానం ఎక్కాడు. సరిగ్గా ఆ బలహీనమైన వారాల్లో అమెరికాలో ఉన్నాడు. కొన్నాళ్లకి లోపలి చిన్న స్క్రూ లూజైంది. అక్కడి డెంటిస్టు అడిగిన మొదటి ప్రశ్న, ఏ కంపెనీది? ఒక్కో కంపెనీ లోపలి గాడి ఒక్కో ఆకారంలో ఉంటుంది, ఒకదాని స్క్రూడ్రైవరు ఇంకోదానికి పట్టదు. వీడి దగ్గర ఉన్నది ‘గోల్డ్ ప్యాకేజీ’ అని రాసిన రసీదు. ఇక్కడ ఫోన్ చేస్తే, పెట్టిన డాక్టరు అక్కడ మానేశాడన్నారు. చివరికి ఎక్స్‌రే ఫొటోలు పోల్చుకుంటూ ఆ అమెరికా డాక్టరు కంపెనీని ఊహించాల్సి వచ్చింది.

టైటానియం మనకి పరాయి లోహమేమీ కాదు. భీమిలి ఇసుకలో దాని ఖనిజం ఉంది. మన కంచన్‌బాగ్‌లోని మిధానిలో ఆ లోహాన్ని కరిగించి, సాగదీసి అంతరిక్షానికీ రక్షణకీ ఇస్తున్నారు. అక్కడ పనిచేసిన మిత్రులు చెప్పేవారు, ప్రతి కడ్డీకీ హీట్ నంబరు ఉంటుందని, ఆ నంబరు పట్టుకుంటే ఏ రోజు ఏ కొలిమిలో కరిగిందో వెనక్కి వెళ్లి చూడొచ్చని. రాకెట్‌లోకి వెళ్లే ముక్కకి ఉన్న పుట్టుపూర్వోత్తరాలు నోట్లోకి వెళ్లే ముక్కకీ ఉన్నాయి. వైద్య పరికరాల నియమాల ప్రకారం 2023 అక్టోబరు నుంచి ఇంప్లాంట్ల స్థాయి పరికరాలకి లైసెన్సు కూడా తప్పనిసరి. గొలుసంతా ఉంది. చివరి లంకె దగ్గర, డాక్టరు చేతి నుంచి పేషెంటు చేతికి వచ్చేసరికి తెగిపోతోంది.

మీ ఆరోగ్యం పేజీకి ఒక విన్నపం. ఇంప్లాంట్ల మీద ఈసారి ఎవరైనా డాక్టరు గారి చేత రాయిస్తే, ‘ఖర్చు ఎంత, నొప్పి ఉంటుందా’ దగ్గర ఆపకుండా సర్ఫేస్ గురించీ, ఆ మూడు నాలుగు వారాల లోయ గురించీ నాలుగు ముక్కలు రాయించండి. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనో విజయవాడలోనో రోజూ ఇది పాఠంగా చెప్పే ప్రొఫెసర్లు ఉంటారు. మీ ప్రకటనల విభాగానికి ఇంకో విన్నపం. ‘మూడు రోజుల్లో’ అన్న అక్షరాలు అరపేజీ వేస్తున్నారు, అడుగున చీమ తలకాయంత ‘షరతులు వర్తిస్తాయి’ వేస్తున్నారు. ఆ షరతులేమిటో, స్క్రూ కంపెనీ పేరుతో సహా, కళ్లజోడు పెట్టుకున్నవాళ్లకైనా ఆనే సైజులో వేయమని ఆ క్లినిక్కుల్ని అడగగలరా?

ఇట్లు,
ఒక రిటైర్డ్ టూల్‌రూమ్ ఫోర్‌మన్,
మూసాపేట, హైదరాబాద్